పళ్లెం మీద గీత

ఆ పళ్లెం అంచున మేకుతో గీసిన గీత ఒకటి ఉండేది. గీసినవాడు మా మదరసా వంటవాడు. గీయమన్నది మేమే.

సుమారు పదహారేళ్ల క్రితం మాట. వసతిగృహంలో చేరిన పదేళ్ల బాలునికి పుట్టుకతోనే హెచ్‌ఐవి ఉన్నదని అతని మేనమామ మాకు ఏకాంతంలో తెలియజేశారు. తల్లిదండ్రులిద్దరూ అప్పటికే గతించారు. (ఆ కుటుంబం అనుమతితోనే ఇది వ్రాస్తున్నాము. గుర్తుపట్టగల వివరాలేవీ ఇవ్వలేదు.) మాకు అప్పగించిన ఆ రహస్యం ఒక అమానత్. కాని మేము భయపడ్డాము. పళ్లెం వేరు చేయించాము. వారం తిరగకుండానే పిల్లలందరికీ విషయం తెలిసిపోయింది. మిగతావారు దస్తర్‌ఖాన్ చుట్టూ నలుగురేసి ఒకే పళ్లెంలో తింటుంటే, ఆ అబ్బాయి గోడవైపు తిరిగి తినేవాడు. తిన్న తర్వాత తన పళ్లెం తానే రెండుసార్లు కడిగేవాడు.

ఒకనాడు పై తరగతి హదీసు పాఠంలో కుష్ఠురోగి ప్రస్తావన వచ్చింది. అటువంటి రోగికి దూరంగా ఉండమన్న ఉల్లేఖనం సహీహ్ బుఖారీలో ఉన్నది. దైవప్రవక్త (స) ఒక కుష్ఠురోగి చేయి పట్టుకొని తమ పళ్లెంలోనే పెట్టించారన్న ఉల్లేఖనం జామె తిర్మిజీలో ఉన్నది. ఇది గరీబ్ అని ఇమామ్ తిర్మిజీయే పేర్కొన్నారు. సనదుల చర్చ ముగించి, ఈ రెండింటినీ పండితులు ఎలా సమన్వయపరచారో వివరించబోతుండగా ఒక విద్యార్థి లేచి, “హజ్రత్, మరి మన వంటగదిలోని పళ్లెం సంగతేమిటి?” అని అడిగాడు. మేము పుస్తకం మూసివేశాము.

ఆ తర్వాత మేనమామతో కలిసి ప్రభుత్వాసుపత్రిలోని ఏఆర్‌టీ కేంద్రానికి వెళ్లాము. అక్కడి కౌన్సెలర్, మా కూతురి వయసున్న అమ్మాయి, ఓపికగా చెప్పింది. ఈ వైరస్ సంక్రమించేది లైంగిక సంపర్కం వల్ల, రక్తం వల్ల, శుద్ధిచేయని సూదుల వల్ల, తల్లినుండి బిడ్డకు గర్భంలో, కాన్పులో, చనుబాల ద్వారా. కలిసి తింటే రాదు, ముసాఫహా చేస్తే రాదు, ఒకే తొట్టిలో వుజూ చేసినా రాదు. అంటే, జాగ్రత్త నేర్పే హదీసును జాగ్రత్త అవసరం లేనిచోట ప్రయోగించి మేము ఒక అనాథను గోడవైపు తిప్పాము.

మన దేశంలో 2004 ఏప్రిల్ నుండి ప్రభుత్వం ఈ మందులు ఉచితంగా ఇస్తున్నది. వ్యాధిని పూర్తిగా తొలగించే ఔషధం ఇంకా సాధారణ వైద్యంలోకి రాలేదు. అదుపులో ఉంచేది మాత్రం ఉన్నది. ఇప్పుడు చాలామంది పెద్దలకు మూడు మందులు కలిసిన ఒక్క మాత్ర, రోజుకొకసారి చాలు. మానకుండా వాడి, రక్తపరీక్షలో వైరస్ కనబడనంతగా తగ్గి, అలాగే నిలకడగా ఉన్నవారి నుండి జీవిత భాగస్వామికి కూడా అది సంక్రమించదని వైద్యశాస్త్రం నిర్ధారించింది. చికిత్స లేకుంటే సోకిన తల్లుల బిడ్డలలో నూటికి 15 నుండి 45 మందికి రావచ్చు. చికిత్సతో అది 5 కంటే తగ్గుతుంది.

రంజాన్ మాసంలో మా వద్దకు వచ్చే ప్రశ్న ఒకటున్నది: మాత్ర కోసం ఉపవాసం వదలాలా, ఉపవాసం కోసం మాత్ర వదలాలా? రోజుకొకటే అయినవారు వైద్యుని సలహాతో మాత్ర వేళను ఇఫ్తార్ తర్వాతకో ఇషా తర్వాతకో మార్చుకోవచ్చు. డోలుటెగ్రావిర్ ఉన్న మాత్ర వాడేవారు యాంటాసిడ్, ఐరన్, కాల్షియం మాత్రలను దానితో ఎలా కలపాలో, ఎంత ఎడం ఉంచాలో ముందే అడిగి తెలుసుకోవాలి. లేకుంటే మందు ఒంటికి సరిగా పట్టదు. శరీరం తట్టుకోలేని రోగికి అల్లాహ్ ఇచ్చిన మినహాయింపు ఉండనే ఉన్నది. దానిని వాడుకోవడం ఈమాన్ లోపం కాదు. ఉపవాసమో దుఆయో చాలునని మాత్ర మానేయమనేవారి మాట వినవద్దు. ఔషధం కూడా అల్లాహ్ అనుగ్రహమే.

నికాహ్ సంగతి మరింత సున్నితమైనది. దాచిపెట్టి చేసుకోవడం మోసం. అలాగని పెళ్లి నిషిద్ధమూ కాదు. ఇక ఊళ్లో చాటింపు వేసే హక్కు ఎవరికీ లేదు. 2017 నాటి చట్టం ఉద్యోగంలో, చదువులో, వైద్యంలో వివక్షను నిషేధించింది. అనుమతి లేకుండా వెల్లడించడాన్నీ నిషేధించింది. సందేహాలుంటే 1097 నంబరుకు ఉచితంగా ఫోన్ చేయవచ్చు.

ఆ అబ్బాయి ఇప్పుడు విద్యుత్ పని చేస్తున్నాడు. భార్యకూ ఇదే వ్యాధి ఉన్నది. ఇరువురూ ఎరిగి, ఒప్పుకొని చేసుకున్న పెళ్లి. వారి పాపకు పద్దెనిమిది నెలలు నిండాక చేసిన పరీక్షలో వైరస్ లేదని తేలింది. గత రంజాన్‌లో ఇఫ్తారుకు పిలిచాడు. ఒకే పళ్లెంలో తిన్నాము. ఖర్జూరం గింజ తీసి ముందు మాకే అందించాడు.

లేవబోతూ, ఆ పళ్లెం విషయంలో క్షమించమని అడిగాము.

“ఏ పళ్లెం, హజ్రత్?” అన్నాడు.

నిజంగా మరచిపోయాడో, మా ముఖం చూసి అలా అన్నాడో మాకు తెలియలేదు.