లాగు బలమును మోయు బలమును

రైతు సోదరులకు బండి కట్టుట నేర్ప నక్కఱలేదు. ధాన్యపు బస్తాలు వెనుకకు వేసినచో నొగలు పైకి లేచి యెద్దుల గొంతులు బిగియుననియు, ముందునకు వేసినచో కాడి దిగి మెడలు పుండ్లు పడుననియు మన పల్లెలలో పసివానికిని దెలియును. ఇరుసునకు ముందు వెనుకల బరువు సరిపెట్టి, కాడిమీద కొలదిపాటి బరువు మాత్రమే నిలుచునట్లు బండి నింపుట మన పెద్దల నేర్పు. ఈ నేర్పునే అమెరికా దేశపు రాజమార్గములమీద మోటారు బండ్లవారు నేడు లెక్కలు గట్టి నేర్చుకొనుచున్నారు. నేర్వనివారు ప్రాణములకు ముప్పు దెచ్చుకొనుచున్నారు. మన పల్లెలనుండి పోయి యచ్చట కాపురముండు బిడ్డలు పెక్కుమంది కలరు. ట్రాక్టరు వెనుక ట్రక్కు తగిలించు రైతులు మన గ్రామములన్నిటను కలరు. కావున నీ విషయము మనకు బొత్తిగా పరాయిది కాదు.

చక్రములమీది యిల్లు

ట్రావెల్ ట్రైలరు అనునది చక్రములపై నిలిపిన చిన్న యిల్లు. పడకలు, పొయ్యి, నీళ్లతొట్టి, స్నానపుగది యన్నియు నందే యుండును. దానికి స్వంత యంత్రము లేదు. ముందువైపున మన బండి నొగవంటి యుక్కుదూలము కలదు. దానిని మోటారు బండి వెనుకనున్న యుక్కుగుండుపై దగిలించి లాగుదురు. కుటుంబములు దీనిని వెంటగొని వారములకొలది దేశమంతయు దిరుగుట అమెరికాలో పాత వాడుక. ఎయిర్‌స్ట్రీమ్ ట్రైలర్ల నిర్మాతయగు వాలీ బయమ్ 1959 వ సంవత్సరమున ఆఫ్రికా ఖండమునందు కేప్‌టౌన్ నుండి కైరో వఱకు పోవుటకై యిట్టి ట్రైలర్ల బిడారునే బయలుదేరదీసెను.

వీనిని లాగుటకు సామాన్య గృహస్థులు వాడునది “అరటన్ను” పికప్పు బండి. ఫోర్డు ఎఫ్ 150, షెవర్లే సిల్వరాడో 1500, రామ్ 1500 అనునవి యీ తరగతిలోనివి. పూర్వ మీ తరగతి బండి మోయు బరువు వేయి పౌండ్లు, అనగా నించుమించు 450 కిలోలు ఉండెడిది. అమెరికా టన్ను 2,000 పౌండ్లు గనుక నీ పేరు వచ్చినది. నేటి బండ్లు అంతకు మిక్కిలి యెక్కువ మోయును. పేరు మాత్రము పాతదే నిలిచినది.

అమ్మకపు మాటయు తలుపుచీటియు

అంగడివాడు మొట్టమొదట జెప్పునది లాగు బలము. “ఈ బండి 4,500 కిలోలు లాగును” అనును. ఆ మాట యబద్ధము కాకపోవచ్చును. కాని కొనువాడు చదువవలసినది బండివాని వైపు తలుపు తెఱచినచోట నంటించియుండు చిన్న చీటి. మనుషులును సామానును కలిసి యింతకు మించరాదని యందు వ్రాసియుండును. లాగు బలము వేఱు, మోయు బలము వేఱు. దూరప్రయాణమున ముందుగా తఱిగిపోవునది మోయు బలమే.

మన సంఘపు జమాఖర్చువలె నొక లెక్క వేసి చూతము. తలుపుచీటిపై 700 కిలోలని యున్నదనుకొందము, ఇది జమ. సామానుతో నిండిన ట్రైలరు 3,000 కిలోలు. దాని బరువులో నూటికి పదుమూడు వంతులు నొగ ద్వారా పికప్పుమీదనే పడిన 390 కిలోలు. తగిలించు కొక్కెపు సరంజామా 40 కిలోలు. భార్యాభర్తలును ఇద్దఱు బిడ్డలును కలిసి 280 కిలోలు. మొత్తము 710 కిలోలు. ఒక్క పెట్టెయైన నెక్కింపకమునుపే పది కిలోలు బాకీ పడినది! ఆపై సైకిళ్లు, వంటచెఱకు, నీళ్లడబ్బాలు చేరినచో బాకీ నూఱు కిలోలు దాటును. అంగడివాడు చెప్పిన 4,500 కిలోలలో నింకను 1,500 మిగిలియున్నట్లే కనబడును. పరపతి కలదుగదా యని తీర్పగల శక్తిని మించి యప్పు చేసినవాని గతియే యీ బండివానిదియు.

ట్రైలరు కొనునపుడు చూపు కాగితములోని బరువు ఉత్త ట్రైలరు బరువు. నీళ్లు, బట్టలు, పాత్రలు, దినుసులు దానిలో జేరవు. నీళ్లతొట్టి నూటయేబది లీటర్లు పట్టినచో నూటయేబది కిలోలు పెరిగినట్లే. కాబట్టి కాగితమును నమ్మక, అంతయు నింపిన పిమ్మట కాటామీద దూచుట బుద్ధిమంతుల పని. అమెరికా రాజమార్గముల ప్రక్కన లారీలు నిలుచు పెద్ద పెట్రోలు స్థలములలో నిట్టి కాటాలు తఱచుగ నున్నవి.

ఆ లాగు బలపు అంకె యెట్లు పుట్టినది?

పూర్వము ప్రతి కంపెనీయు తనకు దోచిన రీతిని లాగు బలమును ప్రకటించెడిది. ఎస్. ఏ. ఇ. అను ఇంజనీర్ల సంఘము 2008 వ సంవత్సరమున జె 2807 అను నొక ప్రమాణమును వెలువరించెను. దాని పరీక్షలలో నొకటి అరిజోనా రాష్ట్రమున కొలరాడో నదిపైనున్న డేవిస్ ఆనకట్ట చెంతనుండి కొండయెక్కు దారి. ఇంచుమించు పదునెనిమిది కిలోమీటర్లు, గాలి వేడి ముప్పదియెనిమిది డిగ్రీలకు దగ్గకుండగా, లోపల శీతలయంత్రము నడుచుచుండగా, నిండు బరువుతో, వేగము పడిపోకుండ నెక్కవలెను. పరీక్ష కఠినమైనదే. కాని యా లెక్కలో బండిలో కూర్చున్నవారు ఇద్దఱే. ఒక్కొక్కరు 150 పౌండ్లు, అనగా 68 కిలోలు. నలుగురున్న కుటుంబమునకు ఆ యంకె యున్నదున్నట్లుగ వర్తింపదని దీనిచే దెలియుచున్నది.

నొగబరువు మర్మము

నొగమీద పడు బరువు ట్రైలరు మొత్తపు బరువులో నూటికి పది మొదలు పదునైదు వంతులు ఉండవలెను. పదింటికి దగ్గినచో, అనగా వెనుక బరువెక్కినచో, ట్రైలరు పాము తోకవలె నిటునటు నూగ నారంభించును. ఈ యూపు వేగముతో బెరిగి, తుదకు పికప్పునే త్రిప్పివేయగలదు. నొగబరువు మితిమీఱినచో పికప్పు వెనుక కూలబడి ముందు చక్రములు తేలికయగును; అపుడు చుక్కాని చక్రము చెప్పినట్లు వినదు. ఇందులకై బరువు పంచు కొక్కెము అను నుక్కుబద్దల సాధనమును వాడుదురు. అది కొంత బరువును ముందు చక్రములకును, కొంత ట్రైలరు చక్రములకును పంచును. అయినను తలుపుచీటి హద్దును అది పెంపజాలదు.

ఊపు ప్రారంభమైనపుడు భయపడి పికప్పు బ్రేకును గట్టిగ దొక్కరాదు, వేగమును పెంచరాదు. చుక్కానిని నిలుకడగ బట్టి, పెట్రోలు తొక్కుడు వదలి, చేతిమీటతో ట్రైలరు బ్రేకును మాత్రము వేయవలెను.

ఎక్కుట కంటె దిగుట కష్టము

పల్లములో బండిని నిలుపు భారమంతయు బ్రేకులదే. వానినే యదేపనిగా నొక్కియుంచినచో కాగి పట్టు దప్పును. అందుచే దిగుటకు మునుపే తక్కువ గేరు వేసి యంత్రముచేతనే వేగమును అణచుకొనవలెను. ట్రైలరునకు స్వంత బ్రేకులును, కొక్కెము విడిపోయినచో వానంతట నవియే పట్టు నేర్పాటును, నొగక్రింద అడ్డముగ వేసిన రెండు గొలుసులును ఉండితీరవలెను. ట్రైలరు టైర్లలో ననేకము గంటకు 65 మైళ్ల వేగమునకే తయారైనవి. కాలిఫోర్నియా రాష్ట్రమున ట్రైలరు లాగు బండి గంటకు 55 మైళ్లు మించరాదని శాసనము కలదు. తొందరపడి గడించు గంటసేపు, టైరు పగిలినచో, దినముగా బోవును.

మన ట్రాక్టరు మాట

ఈ సూత్రములే మన చెఱకు ట్రక్కునకును, ధాన్యపు ట్రక్కునకును వర్తించును. గట్టు ఎక్కునపుడు ట్రాక్టరు ముందు చక్రములు లేచుట మనలో ననేకులు చూచినదే. “ఇంజను లాగినది గదా” యని తృప్తిపడుట పొరపాటు. అదే బరువు కాలువగట్టు దిగునపుడు వెనుకనుండి త్రోయును. స్వంత బ్రేకులు లేని ట్రక్కైనచో ట్రాక్టరును ప్రక్కకు మడిచి పడద్రోయును. కావున దిగుటకు ముందే తక్కువ గేరు వేయుడు. గేరు తీసి దొర్లనీయకుడు. రోడ్డుమీదికి వచ్చునపుడు కుడియెడమల బ్రేకు పెడళ్లను కలిపి బిగింపుడు. బస్తాలను ఇరుసునకు ముందు వెనుకల నెఱిగి పేర్చుడు. సరకుమీద కూలివారిని కూర్చుండబెట్టకుడు.

బండి యెంత లాగునని యడుగువాడు సగము ప్రశ్నయే యడుగుచున్నాడు. ఎంత మోయగలదు, ఎంత నిలుపగలదు అని యడిగినవాడే ఇల్లు చేరును. అమెరికాలోని మీ బిడ్డలు ట్రైలరు కొనదలచినట్లు జాబు వ్రాసినచో, తలుపుచీటి చదివి, కాటామీద దూచి, పిమ్మట బయలుదేరుమని మారు జాబు వ్రాయుడు. ఎద్దుల మెడ నెఱిగి బండి నింపిన తాతల మనుమలకు ఈ మాట యర్థము కాకపోదు.