టవరుకూ టవరుకూ మధ్య ఆరు కిలోమీటర్లు

2022 అక్టోబరు 1న ఢిల్లీ ప్రగతి మైదాన్‌లో ప్రధానమంత్రి 5జీ సేవలను ప్రారంభించిన రోజు నుంచీ అనంతపురం కుర్రకారుకు ఒకటే ధ్యాస: మన ఊరికి ఎప్పుడు? ఎయిర్‌టెల్ ఎంచుకున్న తొలి ఎనిమిది నగరాల్లో బెంగళూరు, హైదరాబాద్ ఉన్నాయి. నవంబరు 10న జియో కూడా ఆ రెండు నగరాలకూ వచ్చింది. డిసెంబరు 26న తిరుమల, విశాఖపట్నం, విజయవాడ, గుంటూరు. సంక్రాంతి వెళ్లాక జనవరి 17న కర్నూలు, 24న కడప. చుట్టూ ఉన్న ఊళ్లన్నిటికీ వచ్చేస్తోంది, మనకు మాత్రం లేదు. చివరికి 2023 జనవరి 31న ఒకేసారి 34 పట్టణాల పేర్లతో జియో జాబితా విడుదల చేసింది. అందులో అనంతపురం ఉంది, గుంతకల్లు ఉంది.

ఆ నాలుగు నెలల ఎదురుచూపును నేను చిన్నచూపు చూడను. మన దేశంలో 5జీ ఫోన్ల అమ్మకం 2020 ఫిబ్రవరిలోనే మొదలైంది. నెట్‌వర్క్ లేకుండానే రెండున్నరేళ్లు ఆ ఫోన్లను జేబుల్లో మోసినవాళ్లు ఉన్నారు. నెట్‌వర్క్ వచ్చాక కూడా కంపెనీలు సాఫ్ట్‌వేర్ అప్‌డేట్ ఇచ్చేదాకా చాలా ఫోన్లలో 5జీ పనిచేయలేదు. ఐఫోన్లకు ఆ అప్‌డేట్ డిసెంబరు మధ్యలో గానీ రాలేదు. కరోనా కాలంలో ఆన్‌లైన్ పాఠాల కోసం మిద్దెక్కి, ఊరి పక్క గుట్టెక్కి కూర్చున్న పిల్లలు మన పల్లెల్లో ఎంతమందో. నెట్‌వర్క్ కోసం వాళ్లు పడిన ఆరాటం సరదా కాదు, అవసరం.

అయితే వాళ్లు ఎదురుచూసింది వేగం కోసం. అనంతపురం ఉన్న ఈ పీఠభూమికి వేగం కన్నా ముందు కావలసింది మరొకటి ఉంది: దూరం. ఒక టవర్ నుంచి బయల్దేరిన అల ఎంత దూరం పోయి, ఎంత దూరం నుంచి తిరిగి రాగలదు అన్నది. మొబైల్ నెట్‌వర్క్ అనే ఈ యంత్రం పుట్టుకలోనే ఆ చిక్కు ఉంది.

1947 డిసెంబరులో అమెరికాలోని బెల్ ప్రయోగశాలల్లో డగ్లస్ రింగ్ అనే ఇంజినీరు ఒక అంతర్గత పత్రం రాశాడు. అప్పట్లో కార్లలో పెట్టుకునే రేడియో టెలిఫోన్లు ఉండేవి. నగరం మొత్తానికీ ఒకే పెద్ద ట్రాన్స్‌మిటర్, చేతిలో ఉన్నవి కొద్దిపాటి ఫ్రీక్వెన్సీలు. ఒకరు మాట్లాడుతుంటే మిగిలినవాళ్లు ఆగాలి. రింగ్ చెప్పిన ఉపాయం ఇది: నగరాన్ని ఆరు పలకల గళ్లుగా విడదీయాలి. ఒక్కో గడికి తక్కువ శక్తితో పనిచేసే చిన్న టవర్ పెట్టాలి. పక్కపక్క గళ్లకు వేర్వేరు ఫ్రీక్వెన్సీలు ఇవ్వాలి, కొంత దూరం పోయాక పాత ఫ్రీక్వెన్సీనే మళ్లీ వాడుకోవాలి. ఆ గడినే సెల్ అన్నారు. 1979లో టోక్యోలో మొదలైన తొలి వ్యాపార నెట్‌వర్క్, 1991లో ఫిన్లాండ్‌లో మొదలైన డిజిటల్ జీఎస్ఎం, 1995 జులై 31న కలకత్తా నుంచి జ్యోతిబసు ఢిల్లీలోని మంత్రి సుఖ్‌రామ్‌తో మాట్లాడిన మన దేశపు తొలి మొబైల్ కాల్, అన్నీ ఆ గళ్ల ఉపాయం మీద నిలబడ్డవే.

నగరానికి ఇంతకన్నా మంచి ఉపాయం లేదు. జనం పెరిగేకొద్దీ గడిని చిన్నది చేసుకుంటూ పోవచ్చు. ప్రతి తరం సాంకేతికతా ఆ దారినే నడిచింది: గడి చిన్నది, ఫ్రీక్వెన్సీ పెద్దది, వేగం ఎక్కువ. ఆ దారి కొసన ఉన్నవి మిల్లీమీటరు తరంగాలు. 5జీ కోసం మన దేశంలో వేలం వేసిన 26 గిగాహెర్ట్జ్ అల పొడవు సెంటీమీటరు పైచిలుకు మాత్రమే. ఇలాంటి అలలను ప్రపంచానికి మొదట చూపించినవాడు మనవాడే. 1895లో కలకత్తాలో జగదీశ్ చంద్ర బోస్ ఐదు మిల్లీమీటర్ల పొడవున్న అలలను కూడా పుట్టించి, పట్టి చూపించాడు. నూరేళ్లు దాటాక గానీ టెలిఫోన్ పరిశ్రమ అక్కడికి చేరలేదు. అయితే ఆ అలకు గోడ అడ్డొస్తే ఆగిపోతుంది, చెట్టు ఆకులు అడ్డొచ్చినా నీరసిస్తుంది.

ఇప్పుడు మన నేలను చూడండి. ఉమ్మడి అనంతపురం జిల్లా వైశాల్యం 19 వేల చదరపు కిలోమీటర్ల పైమాట. 2011 జనాభా లెక్కల ప్రకారం చదరపు కిలోమీటరుకు 213 మంది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ సగటు 308. ఏడాది వర్షం 550 మిల్లీమీటర్ల దరిదాపు, అదీ పడితే. వాన తక్కువైన చోట ఊళ్లు దూరందూరంగానే ఉంటాయి; మధ్యలో వేరుశనగ చేలు, చీనీ తోటలు, రాతి గుట్టలు, ఎండిన వంకలు. ఉరవకొండలో కట్టినా హైదరాబాద్ అమీర్‌పేటలో కట్టినా టవర్ ఖర్చులో పెద్ద తేడా ఉండదు. తేడా అంతా దాని కిందికి వచ్చే ఫోన్ల సంఖ్యలోనే. అందుకే ఏ కంపెనీ జాబితాలోనైనా ఇలాంటి నేల చివరికి పోతుంది. దీన్ని కంపెనీల పక్షపాతం అనుకోవడం కన్నా, గడి చిన్నదైతేనే లాభం అన్న లెక్క అనుకోవడం న్యాయం. లెక్క మారాలంటే గడి పెద్దది కావాలి.

పాత 2జీకి ఆ విద్య తెలుసు. జీఎస్ఎంలో ఒక టవర్ 35 కిలోమీటర్ల దాకా ఫోన్‌తో మాట్లాడేలా నియమాలు రాశారు. ఫోన్ ఎంత దూరంలో ఉంటే అంత ముందుగా తన సంకేతాన్ని పంపమని టవర్ ఆజ్ఞ ఇస్తుంది. ఆ ఆజ్ఞకు సున్నా నుంచి 63 దాకా మెట్లు, ఒక్కో మెట్టుకు 550 మీటర్లు. అక్కడితో హద్దు. బోరు మోటారును ఫోన్‌తో ఆన్ చేసే స్టార్టర్ పెట్టెలు మన రైతుల చేతికి వచ్చింది ఆ 2జీ పుణ్యాన్నే. త్రీఫేజ్ కరెంటు ఏ అర్ధరాత్రో వస్తే, పాములుండే గట్ల మీద టార్చ్ పట్టుకుని నడిచే బాధ చాలామందికి తప్పింది. ఆ పెట్టెకు కావలసింది ఒక్క మిస్డ్ కాల్ లేదా ఒక్క ఎస్ఎంఎస్. దానికి వేగంతో పనిలేదు, అల చేరితే చాలు. కొత్త తరం నెట్‌వర్క్‌లు వస్తున్నాయని 2జీని మూసేయాలనేవాళ్లు ఈ పెట్టెలను కూడా లెక్కలోకి తీసుకోవాలి.

5జీ ప్రమాణాలను రూపొందించే రోజుల్లో మన దేశం ఒక పట్టు పట్టింది. తెలుగువాళ్లకు ఈ సంగతి ఇంకా బాగా తెలియాలి. అంతర్జాతీయ టెలికమ్యూనికేషన్ సంఘం, అంటే ఐటీయూ, కొత్త సాంకేతికతకు పెట్టే పరీక్షలో గ్రామీణ ప్రాంతం అనగానే టవర్ల మధ్య దూరం 1.7 కిలోమీటర్లుగా తీసుకుంది. కారులో, రైలులో వేగంగా పోయేవాళ్లను దృష్టిలో పెట్టుకున్న లెక్క అది. మన ప్రతినిధులు దానికి ఒప్పుకోలేదు. మా పల్లెల్లో మనుషులు నడుస్తారు, ఇంట్లో ఉంటారు, పొలంలో ఉంటారు. పంచాయతీ కేంద్రానికి ఒక్క టవర్ పెట్టి చుట్టూ ఉన్న ఊళ్లకు అందించగలిగితేనే మాకు గిట్టుబాటు అన్నారు. ఫలితంగా 2017లో ఐటీయూ పరీక్షల్లో మరో గ్రామీణ నమూనా చేరింది: 700 మెగాహెర్ట్జ్, టవరుకూ టవరుకూ మధ్య 6 కిలోమీటర్లు. తక్కువ కదలిక, పెద్ద గడి. ఆ అంకెను చూస్తే నాకు కళ్యాణదుర్గం, రాయదుర్గం, కదిరి పల్లెలే గుర్తుకొస్తాయి.

పరీక్ష పెట్టించడం సగం పని. నెగ్గడానికి దారి చూపినవాళ్లలో ఐఐటీ హైదరాబాద్‌లో ప్రొఫెసర్ కిరణ్ కూచి బృందం ఉంది. ఐఐటీ మద్రాసు, చెన్నైలోని సీవిట్ సంస్థ కూడా ఈ కృషిలో పాలుపంచుకున్నాయి. వాళ్లు చూసిన చిక్కు ఏమిటంటే, గడి అంచున ముందు తెగేది టవర్ నుంచి ఫోన్‌కు వచ్చే దారి కాదు, ఫోన్ నుంచి టవర్‌కు పోయే దారి. గుట్ట మీద మైకు పెట్టి మాట్లాడేవాడి మాట కింద చేలో ఉన్నవాడికి వినబడుతుంది. చేలో ఉన్నవాడు ఉత్త గొంతుతో ఎంత అరిచినా గుట్ట మీదికి చేరదు. టవర్ పదుల వాట్లతో మాట్లాడుతుంది, 4జీ, 5జీల్లో మన ఫోన్‌కు సాధారణంగా అనుమతించిన శక్తి ఒక వాటులో ఐదో వంతు. తెర మీద గీతలు కనబడుతున్నా కాల్ పోకపోవడం, అవతలివాళ్లు ‘తెగుతా ఉందప్పా’ అనడం అందుకే.

ఫోన్‌లోని యాంప్లిఫయర్‌కు ఇంకో ఇబ్బంది ఉంది. 4జీ, 5జీ సంకేతాల్లో ఎత్తుపల్లాలు ఎక్కువ. ఎప్పుడో వచ్చే ఎత్తుకు చోటు వదిలి యాంప్లిఫయర్‌ను తగ్గించి నడపాల్సి వస్తుంది. అసలే కొద్దిపాటి శక్తి, అందులోనూ కోత. సంకేతాన్ని దాదాపు సమతలంగా ఉండేలా మలిస్తే యాంప్లిఫయర్‌ను పూర్తి బలంతో నడపవచ్చు, అదే బ్యాటరీతో మాట మరింత దూరం పోతుంది. పై-బై-2 బీపీఎస్‌కే అనే పాత పద్ధతికి తగిన మలుపు ఇచ్చి ఈ బృందం సాధించింది అదే. ఆ పద్ధతి అంతర్జాతీయ 5జీ ప్రమాణాల్లో చోటు సంపాదించింది. దాన్ని మరికొంత పెంచి రాసుకున్న మన సొంత ప్రమాణానికి 5జీఐ అని పేరు పెట్టారు. ఐటీయూ దాన్ని కూడా ఆమోదించింది. దేశంలోని టెలికాం కంపెనీలు మాత్రం వెనకాడాయి. ప్రపంచానికంతటికీ ఒక ప్రమాణం, మనకు ఇంకొకటి అయితే ఫోన్లు ఖరీదవుతాయన్నది వాళ్ల భయం. అది న్యాయమైన భయమే. 2021 చివరికి 5జీఐని ప్రపంచ ప్రమాణంలోనే కలిపేయడానికి ఒప్పందం కుదిరింది. ఓడిపోయామని కొందరు రాశారు. నా దృష్టిలో అది గెలుపు: పల్లెకు వేరే ఫోన్ అక్కర్లేకుండానే పల్లె అవసరం లోక ప్రమాణంలో చేరింది.

మిగిలింది 700 మెగాహెర్ట్జ్ కథ. అల పొడవు 43 సెంటీమీటర్లు. గోడల్లోంచి, తోటల్లోంచి మెరుగ్గా దూరి వస్తుంది. నగరాల్లో 5జీకి వాడే 3500 మెగాహెర్ట్జ్ దగ్గర ఫ్రీక్వెన్సీ ఐదు రెట్లు. ఒకే తరహా యాంటెన్నాలతో, అదే దూరంలో పోల్చితే అక్కడ అందే శక్తి 25వ వంతే. అందుకే నగరపు 5జీ టవర్ మీద 32, 64 యాంటెన్నాలను ఒక్క పలకలో బిగించి, అలను కిరణంలా గురిపెట్టి పంపుతారు. 700లో ఆ ఖర్చు తగ్గుతుంది, వేగమూ తగ్గుతుంది. అక్కడ దొరికే బాట ఇరుకు. పల్లెకు ఆ బేరం గిట్టుతుంది.

ఇంత పనికొచ్చే అలలు మన దేశంలో ఆరేళ్లు ఖాళీగా పడి ఉన్నాయి. 2016 వేలంలో ప్రభుత్వం దేశమంతటికీ మెగాహెర్ట్జ్‌కు 11,485 కోట్ల రూపాయల కనీస ధర పెట్టింది. ఒక్కరూ ముట్టుకోలేదు. 2021లో 6,568 కోట్లకు దించినా అంతే. 2022లో 3,927 కోట్లకు తగ్గించాక జియో ఒక్కటే 10 మెగాహెర్ట్జ్ కొన్నది, 39,270 కోట్ల ధరకు. ఆ ఆరేళ్లలో ఖజానాకు ఆ అలల మీద ఒక్క రూపాయి రాలేదు, పల్లెకు ఒక్క గీత సిగ్నల్ రాలేదు. గుట్ట మీద కూర్చుని పాఠాలు విన్న పిల్లల ఏళ్లు కూడా వాటిలోనే ఉన్నాయి. దీన్ని క్షమించదగ్గ పొరపాటుగా నేను అనుకోవడం లేదు.

ఆలస్యంగానైనా ప్రభుత్వ రంగం కూడా కదిలింది. 2025 సెప్టెంబరు 27న ఒడిశాలోని ఝార్సుగూడ నుంచి బీఎస్ఎన్ఎల్ స్వదేశీ 4జీని ప్రారంభించారు, దాదాపు 97,500 టవర్లతో. అందులో కేంద్ర సాఫ్ట్‌వేర్ సీ-డాట్‌ది, టవర్ మీది రేడియోలు తేజస్ నెట్‌వర్క్స్‌వి, కూర్పు టీసీఎస్‌ది. తేజస్ బెంగళూరు కంపెనీ. అనంతపురం నుంచి జాతీయ రహదారి మీద నాలుగు గంటల దారి. సాఫ్ట్‌వేర్ మార్పుతో ఈ టవర్లను 5జీకి ఎదిగించవచ్చునని చెబుతున్నారు. లాభం లేదని ఎవరూ పోని పల్లెలకు పోవడమే ఈ సంస్థ ఉనికికి కారణం. మన జిల్లాలో మిగిలిన సిగ్నల్ లేని ఊళ్ల లెక్క దాని బల్ల మీదికి చేర్చాల్సింది పంచాయతీలే.

ఒక మాట చెప్పి ముగిస్తాను. పల్లెలో ఉండేవాళ్లు గానీ, పల్లెలోని అమ్మానాన్నల కోసం కొనేవాళ్లు గానీ 5జీ ఫోన్ తీసుకునేముందు అది ఏ బ్యాండ్లను పట్టుకుంటుందో కంపెనీ వెబ్‌సైట్‌లో చూడండి. ఎన్78 దాదాపు అన్నిటిలో ఉంటుంది. అది నగరపు అల. 700 మెగాహెర్ట్జ్ గుర్తు ఎన్28. అది లేని చవక ఫోన్లు బజారులో ఉన్నాయి. కెమెరా ఎన్ని మెగాపిక్సెళ్లని అడిగే ముందు ఎన్28 ఉందా అని అడగండి.