తీగబస్సు, డీజిలు బస్సు



మొన్న నారాయణఖేడు బస్టాండులో ఒక వృద్ధ మిత్రుడు నన్ను నిలిపి యడిగెను. "పట్నములో కరెంటు బస్సులు తిరుగుచున్నవట. పొగ లేదట, చప్పుడు లేదట. మన ఖేడునకు మాత్రము ఈ డీజిలు బస్సేనా?" అని. నేను ఉబ్బసరోగిని. పటాన్‌చెరు దాటినది మొదలు రుమాలు ముక్కునకు పట్టుకొనియే కూర్చుందును. కావున ఆ ప్రశ్న నాకును తగిలినది. నాకు తెలిసినంతవరకు ఆ సంగతి నేడు మనవి చేయుదును.

ముందుగా మన బావులను తలచుకొనుడు. మోట పోయిన వెనుక డీజిలు ఇంజను వచ్చెను; ఆపై కరెంటు మోటారు వచ్చెను. ఇంజనును బండిపై వేసికొని ఏ బావికైనను, ఏ వాగునకైనను తీసికొనిపోవచ్చును. డబ్బాలో డీజిలున్న చాలును. మోటారు పొగ విడువదు, మీట నొక్కిన తక్షణమే నీరెత్తును; కాని స్తంభము వచ్చినచోటనే పనిచేయును, కరెంటు పోయిన నిలిచిపోవును. బస్సుల కథయు నిదియే.

కరెంటుతో నడుచు బండ్లలో మనవారికి మొదట తెలిసినది చెన్నపట్టణపు ట్రాము. అది 1895లో మొదలై 1953 వరకు నడచినది. ట్రామునకు ఇనుప పట్టాలుండును గనుక, పైతీగనుండి వచ్చిన కరెంటు చక్రముల మీదుగా పట్టాలలోనికి దిగి మరలిపోవును. ట్రాలీ బస్సు అను తీగబస్సునకు పట్టాలు లేవు, రబ్బరు టైర్లున్నవి. రబ్బరు కరెంటును పోనీయదు. అందుచేత వీధి పొడుగునను రెండు తీగలు కట్టుదురు. వచ్చుట కొకటి, మరలుట కొకటి. బస్సు నెత్తిన రెండు పొడుగాటి గడలుండి ఆ తీగలను తాకుచు సాగిపోవును. జర్మనీలో వెర్నర్ సీమెన్సు అను శాస్త్రజ్ఞుడు 1882లోనే బెర్లిను చెంత ఇట్టి బండిని నడిపి చూపెను. డీజిలు ఇంజను అంతకంటె చిన్నది. రుడాల్ఫు డీజిలు దానిని నమ్మదగినట్లు పనిచేయించినది 1897లో.

డీజిలు ఇంజనులో గాలిని గట్టిగా నొక్కుదురు. నొక్కినకొలది గాలి వేడెక్కును. ఆ వేడిలో డీజిలు చిమ్మగానే తానుగా మండును. ఇంజను ఒక వేగమందుకొన్నగాని పూర్తి బలమీయదు. అందుకే గేర్లు, క్లచ్చి కావలసివచ్చినవి. నిండు బస్సు ఎత్తున బయలుదేరునపుడు వెనుకనున్నవానికి పొగయే ప్రసాదము. కరెంటు మోటారు నిలిచియున్న స్థితినుండియే నిండు బలముతో లాగును. పల్లమున దిగునపుడు ఆ మోటారే కరెంటు పుట్టించి తిరిగి ఈయగలదు. మన తెలుగు బిడ్డలు పెక్కురు ఉద్యోగములు చేయుచున్న సాన్‌ఫ్రాన్సిస్కో, సియాటిల్ పట్టణములలో తీగబస్సులు నేటికిని నిలిచియుండుటకు అచ్చటి నిట్రమైన ఎత్తువీధులు ముఖ్యకారణము.

ఇన్ని గుణములున్నది మనదేశమున నిలువలేదేమి? బొంబాయిలో తీగబస్సులు 1962లో మొదలై 1971లో ఆగిపోయినవి. తీగబస్సు గానుగెద్దువంటిది, గడ పారినంతమేర ప్రక్కకు జరుగును గాని దారి మార్చలేదు. వీధి త్రవ్విన చుట్టు తిరిగిపోలేదు. ముందరి బస్సు చెడిన, వెనుకది గడలు దింపుకొన్నగాని దాటలేదు. మలుపులో గడ జారిన, ఎవరో దిగి దానిని మరల తీగకు తగిలింపవలెను. వీటన్నిటికంటె పెద్దది ఖర్చు. తీగలు, స్తంభములు, కరెంటు మార్చి యిచ్చు కేంద్రములు, వీటి ఖర్చు బస్సుల లెక్కను చూడదు. రెండు మూడు నిముషముల కొక బస్సు పోవు వీధిలో ఆ ఖర్చు వందలాది ట్రిప్పులకు పంచబడును. మన బీదరు దారిన తీగ కట్టినచో రోజులో ఎక్కువసేపు ఆ తీగపై పిట్టలే కూర్చుండును.

హైదరాబాదులో ట్రాము గాని తీగబస్సు గాని ఎన్నడును నడువలేదు. నిజాం రైల్వేవారు 1932 జూను 15న 27 మోటారు బస్సులతో, 166 మంది ఉద్యోగులతో సర్వీసు మొదలుపెట్టిరి. నేటి ఆర్టీసీకి మూలమదే. (మన బస్సుల నంబరులోని జెడ్డు అక్షరము నిజాము తల్లి పేరినుండి వచ్చినదని పెద్దలు చెప్పుదురు.) బస్సు తన బలమును తనలోనే మోసికొనిపోవుటచేత, మట్టిబాట వేసినచోటికెల్ల రాగలిగినది. డీజిలును తిట్టుటకు ముందు నేను ఈ మాటను తలచుకొందును.

ఇపుడు పట్నములో తిరుగునవి తీగలేని కరెంటు బస్సులు. 2019లో నలువది బస్సులు విమానాశ్రయపు దారులలో మొదలైనవి. కాలువ విడిచి ట్యాంకరు నింపుకొని పోయినట్లు ఇవి బ్యాటరీలో కరెంటు నింపుకొని పోవును. ట్యాంకరు తన నీటి బరువును తానే మోయవలెను గదా. బ్యాటరీయు నట్లే మిక్కిలి బరువు, మిక్కిలి వెల. డీజిలు నింపుటకు నిముషములు చాలును. దీనికి గంటలు కావలెను. ఏండ్లు గడచినకొలది పట్టు తగ్గును. పొగయు పూర్తిగా మాయమైనది కాదు. కొంత రామగుండము బొగ్గు కేంద్రపు గొట్టమునకు మారినది. అయినను మోటారు తనకందిన శక్తిలో పదింట తొమ్మిది పాళ్లవరకు చక్రమునకిచ్చును, డీజిలు ఇంజను మూడింట ఒక పాలు, లేదా కొంచెము మించి ఇచ్చును. జనము నడుమ మండుట తప్పినదే నావంటివానికి గొప్ప మేలు.

ఇక మిత్రుని ప్రశ్న. ఖేడునుండి పట్నము సుమారు నూటపది కిలోమీటర్లు. పోయివచ్చుటకు రెండువందల ఇరువది. ఇట్టి బస్సు ఒకసారి నింపిన రెండువందల కిలోమీటర్లు, కొన్ని అంతకు మించియు పోవును. అనగా మన దారి సరిగా అంచున నున్నది. వేసవి ఎండ, నిండు జనము, పాతబడిన బ్యాటరీ కూడినచో అంచు దాటును. కరెంటు బస్సు వచ్చుచున్నదని విన్నపుడు, బస్సు రంగు కంటె ముందు మూడు సంగతులు అడుగుడు: పట్నములో ఎచ్చట, ఎంతసేపు నింపుదురు? మన డిపోలో నింపుటకు తగిన కరెంటు లైను వేసిరా? రాత్రి లైను పోయిన, తెల్లవారుజామున ఆసుపత్రికి పోవువారిని ఏ బస్సు ఎక్కింతురు?

మూడవదానికి సరియైన జవాబు వచ్చువరకు ఒకటి రెండు డీజిలు బస్సులు డిపోలో ఉండవలసినదే అని నా యభిప్రాయము. వచ్చు సోమవారము డాక్టరును చూచుటకు నేను పట్నము పోవలెను. తొలి బస్సుననే పోవుదును. రుమాలు జేబులో నుంచుకొంటిని.