వైఫై నిలవని ల్యాప్‌టాప్: పక్కన పెట్టే ముందు ఏం చూడాలి?

మన సొసైటీకి దాతలు ఇస్తున్న వస్తువులలో ఈమధ్య పాత ల్యాప్‌టాప్‌లు కూడా చేరుతున్నాయి. వాటిని పరీక్షించి, శుభ్రం చేసి, చదువుకునే పిల్లలకు అందజేసే పని మా ఉపాధ్యాయులకు అప్పగించారు. వచ్చిన వాటిలో కొన్నింటి మీద ఒక చీటీ అంటించి ఉంటుంది: "అంతా బాగానే ఉంది, వైఫై మాత్రం సరిగా నిలవదు." ఇచ్చేవారు కొంచెం మొహమాటపడుతూనే ఇస్తారు. నిజానికి ఈ లోపం చాలాసార్లు రూపాయి ఖర్చు లేకుండానే పోతుంది. ఈ సంగతి మాకు ఒక పొరపాటు చేసిన తర్వాత బాగా తెలిసివచ్చింది. ముందు ఆ పొరపాటు చెప్పి, తర్వాత పద్ధతి వివరిస్తాం.

ఇంటర్ రెండో సంవత్సరం చదివే ఒక అమ్మాయికి అలా వచ్చిన ల్యాప్‌టాప్ ఒకటి ఇచ్చాం. సాయంత్రం ఆన్‌లైన్ రివిజన్ తరగతుల్లో ఆమె పావుగంట ఉండేది, మాయమయ్యేది, మళ్ళీ వచ్చేది. అడిగితే "నెట్ పోతోంది సార్" అనేది. ల్యాప్‌టాప్ తెప్పించి స్టాఫ్ రూములో గంటన్నర నడిపాం. ఒక్కసారి కూడా తెగలేదు. "మెషిను బాగానే ఉందమ్మా, శ్రద్ధ పెట్టాలి" అని చెప్పి పంపేశాం. ఆ పిల్ల ఏమీ అనలేదు.

తర్వాతి వారం వాళ్ళ నాన్నగారు వచ్చి ల్యాప్‌టాప్ మా బల్ల మీద పెట్టారు. "ఇంకెవరికైనా ఇవ్వండి సార్. మా అమ్మాయి అబద్ధాలాడుతోందన్న మాట మాకొద్దు" అన్నారు. ఆ మాట మాకు గుచ్చుకుంది. ఆ సాయంత్రమే మేము వాళ్ళింటికి వెళ్ళి, అమ్మాయి రోజూ కూర్చునే చోటే కూర్చుని చూశాం. పది నిమిషాల్లో వైఫై తెగింది. కారణం చివర్లో చెబుతాం. అది ఎలా దొరికిందో తెలియాలంటే కొంత వివరం కావాలి.

అడాప్టర్ అంటే ఏమిటి?

ల్యాప్‌టాప్ లోపల వైఫై తరంగాలను పంపే, అందుకునే చిన్న భాగమే అడాప్టర్. చాలా వాటిలో ఇది బొటనవేలి వెడల్పున్న కార్డు. దాని నుంచి బయలుదేరిన రెండు సన్నని తీగలు మడత బందుల గుండా పైకి వెళ్ళి తెర చుట్టూ ఉన్న యాంటెన్నాలను కలుస్తాయి. ఈ కార్డుకీ విండోస్‌కీ మధ్య దుబాసీ లాంటి సాఫ్ట్‌వేర్‌ను డ్రైవర్ అంటారు. కార్డు, తీగలు, డ్రైవర్, విద్యుత్ పొదుపు అమరిక: ఈ నాలుగింటిలో ఏది తేడా చేసినా మనకు కనిపించేది ఒకటే, "వైఫై పోయింది". అందుకే వెంటనే విప్పదీయకుండా వరుసగా చూడాలి.

మొదట: తప్పు ఎవరిది?

ల్యాప్‌టాప్ పక్కనే ఒక ఫోన్‌ను అదే వైఫైకి కలిపి ఉంచండి. రెండూ ఒకేసారి తెగితే రూటరునో, ఇంటికి వచ్చే లైనునో చూడాలి. ఫోన్ నిలిచి ల్యాప్‌టాప్ ఒక్కటే తెగితే ల్యాప్‌టాప్‌ను చూడాలి.

ఇంకా స్పష్టంగా తెలియాలంటే కమాండ్ ప్రాంప్ట్ తెరిచి ఐపీకాన్ఫిగ్ అనే ఆదేశం ఇవ్వండి. 'డిఫాల్ట్ గేట్‌వే' ఎదురుగా ఉన్న అంకెలే రూటరు చిరునామా. చాలా ఇళ్ళలో అది 192.168.1.1 లాగా ఉంటుంది. ఆ చిరునామాకు పింగ్ ఆదేశం ఇచ్చి నడవనివ్వండి. ఇంకో కిటికీలో 8.8.8.8 అనే బయటి చిరునామాకు పింగ్ నడపండి. రూటరు నుంచి జవాబులు సాఫీగా వస్తూ బయటివి మాత్రమే ఆగిపోతే ఇబ్బంది ఇంటర్నెట్ లైనులో ఉంది. రూటరు జవాబులే ఆగిపోతుంటే ఇబ్బంది ల్యాప్‌టాప్‌కూ రూటరుకూ మధ్యలో ఉంది.

రెండోది: సులువైనవి

ఎయిర్‌ప్లేన్ మోడ్ ఆన్‌లో ఉందేమో చూడండి. తర్వాత 'రీస్టార్ట్' చేయండి. 'షట్ డౌన్' చేసి మళ్ళీ ఆన్ చేస్తే సరిపోతుందని చాలామంది అనుకుంటారు. విండోస్ 8 నుంచి 'ఫాస్ట్ స్టార్టప్' అనే సదుపాయం వచ్చింది. అది పనిచేస్తున్నప్పుడు షట్ డౌన్ చేసినా సిస్టమ్ లోపలి స్థితి డిస్కులో దాచి ఉంటుంది, మళ్ళీ అదే లేస్తుంది. రీస్టార్ట్ మాత్రమే మొదటి నుంచి మొదలుపెడుతుంది.

పాత ల్యాప్‌టాప్‌లలో తేదీ కూడా చూడాలి. లోపలి నాణెం బ్యాటరీ అయిపోతే తేదీ ఎన్నో ఏళ్ళు వెనక్కి పోతుంది. అప్పుడు వైఫై కలిసే ఉన్నా, భద్రత ఉన్న వెబ్‌సైట్లు తెరుచుకోవు. ఇది అడాప్టర్ తప్పు కాదు.

మూడోది: డ్రైవర్

డివైస్ మేనేజర్‌లో 'నెట్‌వర్క్ అడాప్టర్స్' కింద వైఫై పేరు కనిపిస్తుంది. విండోస్ అప్‌డేట్ తర్వాతే ఇబ్బంది మొదలైతే దాని ప్రాపర్టీస్‌లో 'రోల్ బ్యాక్ డ్రైవర్' నొక్కి పాతదానికి వెళ్ళండి. లేకపోతే ల్యాప్‌టాప్ తయారీదారు వెబ్‌సైట్‌లో మోడల్ నంబరు ప్రకారం కొత్త డ్రైవర్ దించుకోండి. నెట్ లేకుండా ఎలా అంటారా? ఫోన్‌ను కేబుల్‌తో కలిపి 'యూఎస్‌బీ టెథరింగ్' ఆన్ చేస్తే వైఫైతో పనిలేకుండా నెట్ వస్తుంది.

అప్పటికీ కుదరకపోతే 'అన్‌ఇన్‌స్టాల్ డివైస్' చేసి రీస్టార్ట్ చేయండి. విండోస్ దాన్ని మళ్ళీ గుర్తిస్తుంది. డ్రైవర్‌ను కూడా తొలగించాలా అని అడిగే గడిలో మాత్రం టిక్ పెట్టకండి. చివరి అస్త్రం సెట్టింగ్స్‌లోని 'నెట్‌వర్క్ రీసెట్'. అది దాచిన వైఫై పాస్‌వర్డులన్నీ చెరిపేస్తుంది కాబట్టి ముందుగా రాసి పెట్టుకోండి.

నాలుగోది: తరంగాలు

వైఫై ప్రధానంగా 2.4, 5 గిగాహెర్ట్జ్ తరంగాల మీద నడుస్తుంది. 2.4 గోడలు దాటి దూరం పోతుంది, కానీ ఇరుగుపొరుగు రూటర్లు, బ్లూటూత్, మైక్రోవేవ్ ఓవెన్ అన్నీ అక్కడే గుమిగూడతాయి. 5 వేగంగా ఉంటుంది, దూరం తక్కువ. కొన్ని పాత అడాప్టర్లకు 5 అసలు కనిపించదు. రూటరును 'డబ్ల్యూపీఏ3' భద్రతకే పరిమితం చేసినా పాతవి కలవలేవు. 2.4 మీద రద్దీగా ఉంటే రూటరు చానల్‌ను 1, 6, 11లలో ఒకదానికి మార్చి చూడండి. ఈ మూడూ ఒకదాని మీద ఒకటి పడవు.

ఐదోది: తీగలు

రూటరు పక్కనే కూర్చున్నా సిగ్నల్ ఒక గీతే చూపిస్తుంటే, తెర వెనక్కీ ముందుకూ కదిపినప్పుడల్లా సిగ్నల్ మారుతుంటే యాంటెన్నా తీగను అనుమానించాలి. ఏళ్ళ తరబడి తెరిచి మూయడంతో మడత బందు దగ్గర తీగ నలుగుతుంది. లేదా కార్డు మీది బొత్తాం లాంటి కొక్కెం ఊడి ఉంటుంది. ఇది అలవాటున్న మెకానిక్ పని. అదీ వద్దనుకుంటే యూఎస్‌బీ వైఫై అడాప్టర్ ఒకటి కొని తగిలిస్తే చాలు, కొన్ని వందల రూపాయల్లో దొరుకుతుంది. లోపలి దాన్ని డివైస్ మేనేజర్‌లో 'డిజేబుల్' చేసేయవచ్చు.

ఇంతకీ ఆ ఇంట్లో ఏమైంది?

ఆ ఇంట్లో నెట్ వాళ్ళ నాన్నగారి ఫోన్ హాట్‌స్పాట్ నుంచి వస్తుంది. మా ఫోన్‌ను కూడా దానికే కలిపి చూశాం. మాది తెగలేదు, ల్యాప్‌టాప్ తెగింది. కాబట్టి నెట్‌ది తప్పు కాదు. మరి బడిలో ఎందుకు తెగలేదు? గది చుట్టూ చూస్తే సమాధానం కనిపించింది. అక్కడ ఉన్నది ఒకే ప్లగ్గు. సాయంత్రం వేళ అది కుట్టుమిషను మోటారుకు కావాలి. అమ్మాయి ల్యాప్‌టాప్‌ను పగలు చార్జి చేసుకుని, తరగతి సమయానికి బ్యాటరీ మీద నడుపుతోంది. మేమేమో స్టాఫ్ రూములో చార్జరు తగిలించి పరీక్షించాం.

ఇలాంటి ల్యాప్‌టాప్‌లలో విండోస్ పవర్ ఆప్షన్స్‌లో 'వైర్‌లెస్ అడాప్టర్ సెట్టింగ్స్' అని ఉంటుంది. చార్జరు ఉన్నప్పుడు ఒక అమరిక, బ్యాటరీ మీద మరొకటి. రూటరు సాధారణంగా సెకనుకు దాదాపు 10 సార్లు 'నేనున్నాను' అంటూ సంకేతం పంపుతుంది. పొదుపు అమరికలో అడాప్టర్ మధ్య మధ్య కునుకు తీస్తూ ఆ సంకేతాల వేళకు లేస్తుంది. ఈ కునుకు విషయంలో అవతలి పరికరంతో పొత్తు సరిగా కుదరకపోతే బంధం తెగుతుంది. ఆ గడిలో బ్యాటరీ ఎదురుగా కూడా 'మాగ్జిమమ్ పెర్ఫార్మెన్స్' పెట్టాం. డివైస్ మేనేజర్‌లో అడాప్టర్ 'పవర్ మేనేజ్‌మెంట్' పేజీలో, పొదుపు కోసం ఈ పరికరాన్ని ఆపవచ్చు అనే వాక్యం పక్కన టిక్ తీసేశాం. బ్యాటరీ కొంచెం త్వరగా అయిపోతుంది, అంతే. ఆ రాత్రి తరగతి చివరిదాకా ఆమె పేరు తెర మీద ఉంది.

మర్నాడు హాజరు పట్టీ సరిచేశాం. తరగతిలో అందరి ముందూ "తప్పు నీది కాదమ్మా, మేము సరిగా చూడలేదు" అని చెప్పాం. చెప్పవలసిన మాట అది.

దాతలకు మా మనవి

వైఫై నిలవదన్న కారణంతో ల్యాప్‌టాప్‌ను తూకానికి వేయకండి, అటక మీద పెట్టకండి. ఇచ్చేటప్పుడు చార్జరు తప్పక ఇవ్వండి. లోపం ఎప్పుడు వస్తుందో ఒక చీటీ మీద రాయండి: ఏ గదిలో, బ్యాటరీ మీదా చార్జరు మీదా, ఎంతసేపటికి. "సరిగా రాదు" అన్న రెండు మాటల కంటే ఆ మూడు వివరాలు మాకు ఎంతో పని తగ్గిస్తాయి. ఇకమీదట మేము కూడా ప్రతి ల్యాప్‌టాప్‌నూ చార్జరు తీసి ఒక గంట, పెట్టి ఒక గంట నడిపి చూశాకే పిల్లల చేతిలో పెడుతున్నాం. వీలైతే వాళ్ళింట్లో, వాళ్ళు కూర్చునే చోటే.