కాండొనేషన్ అంటే డొనేషన్ కాదు: క్యాంపస్ పొట్టి మాటల వెనక మన హక్కులు

నెల్లూరు జిల్లా వెంకటాచలం మండలం కాకుటూరులో ఉన్న విక్రమ సింహపురి విశ్వవిద్యాలయం 2008లో ఏర్పడింది. అంతకుముందు ఈ తీరం పిల్లలు పీజీ చదవాలంటే కావలిలోని ఎస్వీ యూనివర్సిటీ పీజీ సెంటరుకో, తిరుపతికో పోవాలి. ఇప్పుడు మైపాడు, అల్లూరు, కోట, వాకాడు వైపు దళితవాడల నుంచి కూడా పిల్లలు దగ్గర్లోనే ఎమ్మే, ఎమ్మెస్సీ చదువుతున్నారు. ఇంట్లో డిగ్రీ దాకా వచ్చిన మొదటి మనిషి వాళ్లే అయినప్పుడు, క్యాంపస్‌లో మొదటి వారమే ఒక వింత భాష ఎదురవుతుంది. ఆర్టీఎఫ్, ఎంటీఎఫ్, సీజీపీఏ, డీఆర్‌సీ, ఈవోసీ... ప్రాచీన తెలుగు అధ్యయన కేంద్రం ఉన్న జిల్లాలోనే ఆఫీసు కిటికీ దగ్గర తెలుగులో ఒక్క ముక్క వినపడదు!

ఈ భాష రాకపోవడం తెలివి తక్కువతనం కాదని ముందే చెప్పుకోవాలి. రొయ్యల గుంటల మీద కూలికి పోయే ఇంట్లో పుట్టిన పిల్లకి 'కౌంట్' అంటే కిలోకి ఎన్ని రొయ్యలు తూగుతాయో చెప్పే లెక్క అని చిన్నప్పుడే తెలుసు. కౌంట్ ఎంత తక్కువైతే రొయ్య అంత పెద్దదని, ధర అంత ఎక్కువని కూడా తెలుసు. అది తెలియని ప్రొఫెసరును ఎవరూ మొద్దు అనరు. కానీ ఎస్‌జీపీఏకీ సీజీపీఏకీ తేడా అడిగిన పిల్లను మాత్రం 'రిజర్వేషన్ సీటు' అని నవ్వుతారు. ఎస్‌జీపీఏ ఒక సెమిస్టరు సగటు, సీజీపీఏ అప్పటిదాకా రాసిన సెమిస్టర్లన్నిటి సగటు. అంతే, అరనిమిషం పని. అది చెప్పకుండా నవ్వడంలోనే ఉంది కులం.

కొన్ని మాటలు తెలియకపోతే నవ్వులతో పోదు, డబ్బు పోతుంది. అలాంటి వాటిలో ముందుది 'స్పాట్'. పీజీసెట్ కౌన్సెలింగ్ అయ్యాక మిగిలిన సీట్లకు కాలేజీలే పెట్టుకునే చేరికలు స్పాట్ అడ్మిషన్లు. సీటు సులువుగా దొరుకుతుంది. కానీ స్పాట్‌లో చేరినవాళ్లకు ఫీజు రీయింబర్స్‌మెంట్ రాదు. అంటే ఆర్టీఎఫ్ లేదు. హాస్టల్, మెస్ ఖర్చుల కోసం ఇచ్చే ఎంటీఎఫ్ సంగతి కూడా చేరకముందే తేల్చుకోవాలి. ప్రైవేటు కాలేజీల పీజీ విద్యార్థులకు ఈ రెండూ తీసేసిన 2020 డిసెంబరు నాటి జీవో 77 మీద విద్యార్థి సంఘాలు ఏళ్ల తరబడి ఎందుకు కొట్లాడాయో ఇక్కడ అర్థమవుతుంది. రెండున్నర లక్షల లోపు ఆదాయం ఉన్న ఎస్సీ కుటుంబానికి ఆ రెండు పొట్టి మాటలే చదువుకీ కూలికీ మధ్య గీత.

ఇక 'కాండొనేషన్'. చాలా విశ్వవిద్యాలయాల్లో హాజరు 75 శాతానికి కాస్త తగ్గితే కారణం చూపించి, ఫీజు కట్టి పరీక్ష రాసుకునే మినహాయింపు ఇది. డొనేషన్ అడుగుతున్నారనుకుని భయపడి వెనక్కి పోవద్దు. నాట్ల రోజుల్లో, జ్వరాల రోజుల్లో హాజరు పోయేది మన పిల్లలకే. అయితే కాండొనేషన్ పరీక్ష వరకే. స్కాలర్‌షిప్‌కి అడిగే 75 శాతం వేరే లెక్క. మినహాయింపు దొరికింది కదా అని దాన్ని మరిచిపోకూడదు.

'ఓసీ' అన్న మాట దగ్గర కాసేపు ఆగాలి. ఓపెన్ కేటగిరీ అంటే అగ్రకులాల కోటా అని క్యాంపస్‌లో సగం మంది నమ్ముతారు, చెప్తారు కూడా. ఓపెన్ అంటే అందరికీ తెరిచినదని అర్థం. మార్కులతో అందులో సీటు తెచ్చుకున్న ఎస్సీ విద్యార్థిని ఎస్సీ కోటాలో లెక్కేయకూడదు. ఉద్యోగాల విషయంలో సుప్రీంకోర్టు సౌరవ్ యాదవ్ కేసులో 2020లో ఈ సంగతే మళ్లీ గట్టిగా చెప్పింది. సీట్ల జాబితా గోడకు అంటించగానే మొదట చూడాల్సింది ఇదే.

ఫారాల్లో కొత్తగా వచ్చింది ఎస్సీ గ్రూపు. 2025 నుంచి ఆంధ్రప్రదేశ్‌లో 15 శాతం ఎస్సీ రిజర్వేషన్ మూడు గ్రూపులుగా ఉంది: రెల్లి, అనుబంధ కులాలకు 1, మాదిగ, అనుబంధ కులాలకు 6.5, మాల, అనుబంధ కులాలకు 7.5 శాతం. దీని మీద మనలో మనకు ఎన్ని అభిప్రాయాలున్నా, ఫారంలో గ్రూపు తప్పు పడితే నష్టం ఒక్క విద్యార్థిదే. హైదరాబాద్ కేంద్ర విశ్వవిద్యాలయం లాంటి చోట్ల మాత్రం ఆ 15 శాతం ఇంకా ఒకే ముద్ద.

హెచ్‌సీయూ పేరెత్తాక ఇంకో మాట చెప్పకుండా ఉండలేం. అక్కడి షాపింగ్ కాంప్లెక్సును పిల్లలు 'షాప్‌కామ్' అంటారు. హాస్టల్ నుంచి గెంటేసిన ఐదుగురు అంబేడ్కర్ స్టూడెంట్స్ అసోసియేషన్ విద్యార్థులు 2016 జనవరిలో అక్కడే గుడారం వేసి దానికి 'వెలివాడ' అని పేరు పెట్టారు. వాళ్లలో ఒకరు రోహిత్ వేముల. ఆయన జేఆర్‌ఎఫ్ తెచ్చుకున్న స్కాలర్. తనకు ఏడు నెలల ఫెలోషిప్, లక్షా డెబ్బై ఐదు వేలు రావాలని ఆఖరి ఉత్తరంలో రాసి జనవరి 17న వెళ్లిపోయారు. ఇంగ్లీషు పొట్టి మాటల నడుమ మన ఊరి మాట ఒకటి దేశంలోని క్యాంపస్‌లన్నిటికీ చేరింది అప్పుడే.

'ర్యాంకెంత?' అనే ప్రశ్న కూడా క్యాంపస్ భాషలో భాగమే. కులం నేరుగా అడగలేనివాళ్లు ర్యాంకు అడుగుతారు. దర్శన్ సోలంకి మరణం తర్వాత, 2023లో, ఐఐటీ బొంబాయి తోటి విద్యార్థుల ర్యాంకు, కేటగిరీ ఆరా తీయొద్దని మార్గదర్శకాలు ఇవ్వాల్సి వచ్చింది. జవాబు చెప్పాల్సిన పని మీకు లేదు.

పరిశోధన దాకా పోయేవాళ్లకు ఆర్‌జీఎన్‌ఎఫ్ అనే పాత పేరు సీనియర్ల నోట ఇంకా వినపడుతుంది. 2005-06లో మొదలైన ఆ ఫెలోషిప్‌కే ఇప్పుడు ఎస్సీ జాతీయ ఫెలోషిప్ అని పేరు. పాత పేరుతో వెతికి, పథకం ఎత్తేశారనుకుని వదిలేయకండి. అధ్యాపకుల నియామకాల్లో వినపడే 'ఎన్‌ఎఫ్‌ఎస్' ఇంకా చేదు మాట. నాట్ ఫౌండ్ సూటబుల్, అంటే అభ్యర్థులు వచ్చినా తగినవారు దొరకలేదని రాసి రిజర్వుడు పోస్టును ఖాళీగా ఉంచడం.

చివరిగా ఈవోసీ, అంటే సమాన అవకాశాల విభాగం. యూజీసీ 2012 నిబంధనల ప్రకారం ప్రతి విద్యాసంస్థలో ఇది ఉండాలి, వివక్ష వ్యతిరేక అధికారి ఒకరుండాలి, ఫిర్యాదును 60 రోజుల్లో తేల్చాలి. 2026 జనవరిలో యూజీసీ కొత్త నిబంధనలు తెచ్చింది. అదే నెలలో సుప్రీంకోర్టు వాటిని ఆపి, 2012 నాటివే నడుస్తాయంది. మీ క్యాంపస్‌లో ఆ అధికారి ఎవరో, ఏ గదిలో కూర్చుంటారో చేరిన వారంలోనే కనుక్కోండి. ఫిర్యాదు రాతపూర్వకంగా ఇచ్చి, రెండో కాపీ మీద తేదీతో ముద్ర వేయించుకోండి. ఆ అధికారి పేరు ఎవరూ చెప్పలేకపోతే, దాన్నే సమాచార హక్కు కింద అడగండి.