నా గొంతు నేనే విన్నాను

మైకు నా చేతికిచ్చారు. ఎదురుగా రావిచెట్టు కింద ఊరు ఊరంతా కూచునుంది. "సభకు నమస్కారం" అన్నాను. అంతే! ఆపైన మాట పెగల్లేదు. చేతిలో కాగితం రావి ఆకులా వణికింది. పక్కనున్న మావారు మెల్లగా మైకు అందుకుని మిగతాదంతా తనే చెప్పేశారు. జనం చప్పట్లు కొట్టారు, ఆయనకి!

2021 ఫిబ్రవరి పంచాయతీ ఎన్నికల్లో గురజాల వైపు ఓ చిన్న ఊరికి నేను సర్పంచిగా గెలిచాను. 1993లో అమల్లోకొచ్చిన 73వ రాజ్యాంగ సవరణ పంచాయతీల్లో మూడోవంతు స్థానాలు ఆడవాళ్ళకిచ్చింది. 2011లో మన రాష్ట్రం దాన్ని సగం చేసింది. గ్రామసభకు అధ్యక్షత వహించాల్సింది సర్పంచే. కుర్చీ అయితే చట్టం ఇచ్చింది గానీ, గొంతు ఎవరిస్తారు? ప్రతిసారీ మైకు మావారి చేతికే పోతే ఇక నేనెందుకు?

నలగామరాజుకు మంత్రిగా గురజాలలో చక్రం తిప్పిన నాయకురాలు నాగమ్మ కథ మా పల్నాట్లో తెలియనివాళ్ళుండరు. అయినా మా ఊళ్ళో నోరు విప్పిన ఆడదాన్ని "పెద్ద నాగమ్మ బయల్దేరింది" అని దెప్పుతారు.

డిగ్రీ చదివే మా అమ్మాయి "సెల్‌ఫోన్లో రికార్డు చేసుకుని వినమ్మా" అంది. రాత్రి అందరూ పడుకున్నాక వంటింట్లో బియ్యం డబ్బా మీద ఫోను నిలబెట్టి రెండు నిమిషాలు మాట్లాడాను. తీరా వింటే... ఛీ, ఇది నా గొంతేనా! సన్నగా, జలుబు చేసినట్టు! ఆ రాత్రే మానేద్దామనుకున్నాను.

దీనికి కారణం మా అమ్మాయే చెప్పింది. మనం మాట్లాడేటప్పుడు మన గొంతు గాలిలోంచే కాక, తల ఎముకల గుండా కూడా మన చెవికి చేరుతుంది. ఎముకలు మంద్రస్వరాన్ని బాగా మోస్తాయి కాబట్టి మన గొంతు మనకి నిండుగా వినిపిస్తుంది. రికార్డులో ఆ భాగం ఉండదు. అంటే ఊళ్ళోవాళ్ళు రోజూ వింటున్నది ఈ సన్నటి గొంతునే. వాళ్ళకి లేని బాధ నాకెందుకు?

రెండో రాత్రి పెన్సిలు పట్టుకుని విన్నాను. రెండు నిమిషాల్లో "అంటే" పదకొండుసార్లు! ఆ మాట నోటికొచ్చే చోట పెదవులు మూసి ఒక్క క్షణం ఆగడం నేర్చుకున్నాను. మూడో రాత్రి పుస్తకాల భాష తెచ్చిపెట్టుకున్నాను. వింటే నాకే నవ్వొచ్చింది. మళ్ళీ మా ఊరి మాటకే వచ్చేశాను.

నాలుగో రాత్రి అసలు జబ్బు దొరికింది. మా పైబజారు కుళాయిలకు నీళ్ళెక్కడం లేదు. ఆ కష్టమంతా గడగడా చెప్పాను. తీరా అడగాల్సిన చోటికొచ్చేసరికి "మరి... కాస్త చూస్తే బాగుంటుందేమో... తప్పుగా అనుకోకండి" అని గొణిగాను. మిగతావన్నీ వినబడుతున్నాయి, అసలు మాటే మింగేస్తున్నాను! ఇది నోటి లోపం కాదు. "ఆడపిల్లవి, తగ్గి మాట్లాడు" అని చిన్నప్పట్నుంచీ విన్నదాని ఫలితం. అద్దం ముందు ఎన్నాళ్ళు నిలబడినా ఇది తెలిసేది కాదు.

ఆ ఒక్క ముక్కనే పట్టుకున్నాను. "పైబజారుకు నీళ్ళు ఏ తేదీకి వస్తాయో ఈ సభలోనే చెప్పండి." ఇరవైసార్లు రికార్డు చేసి ఉంటాను. మా అత్తయ్య లేచొచ్చి "అర్ధరాత్రి ఎవరితోనే పోట్లాట?" అంది.

తర్వాతి గ్రామసభలో మావారు అలవాటుగా మైకు కోసం చెయ్యి చాపారు. "నేను మాట్లాడతాను లెండి" అన్నాను. కాళ్ళు వణికాయి, అబద్ధమెందుకు. కానీ మాట తడబడలేదు. వచ్చిన అధికారి పుస్తకం తీసి తేదీ రాసుకున్నారు. ఆ తేదీకి రాలేదు గానీ మరో పదిరోజులకు నీళ్ళొచ్చాయి. బిందె నింపుకుంటూ ఓ పెద్దావిడ "నాగమ్మవేనే అమ్మాయ్!" అంది. ఆ మాట మొదటిసారి తియ్యగా వినిపించింది.

పొదుపు సంఘంలోనో, పిల్లల బడిలోనో మాట్లాడాల్సి వచ్చి భయపడేవాళ్ళు మీలోనూ ఉంటారు. రోజుకు రెండు నిమిషాలు చాలు. ఒక రాత్రికి ఒక్క లోపమే దిద్దుకోండి. ముఖ్యంగా, అడగాల్సిన మాట దగ్గర మీ గొంతు ఏమవుతోందో వినండి. మొదటి రికార్డు మాత్రం చెరిపేయకండి. నాది ఇప్పటికీ దాచుకున్నాను. మొన్న మావారికి వినిపిస్తే "ఎవరే ఈ పిరికిది?" అన్నారు!