ఆయాసపు రోగికి చలికాలము

మార్గశిర, పుష్య మాసములలో విశాఖ మన్యమున తెల్లవారుట ఆలస్యముగా తోచును. 2022లో ఏర్పడిన అల్లూరి సీతారామరాజు జిల్లాలో చేరిన ఆ సీమలో, సముద్రమట్టమునకు సుమారు 1000 మీటర్ల ఎత్తున నున్న లంబసింగి పరిసరములలోను, పాడేరు, అరకు ప్రాంతములలోను ప్రొద్దెక్కువరకు మంచుతెర విడదు. ఆ మంచును చూచుటకు పట్టణములనుండి జనము బారులు తీరి వత్తురు. అదే మంచులో ఏ మూలయింటనో ఒక వృద్ధురాలు రాత్రియంతయు కూర్చుండియే తెల్లవార్చుచుండును. పడుకొనినచో ఊపిరి అందదు. దగ్గినచో కళ్లె తెగదు. 'ముసలితనము, దానికి తోడు చలి' అని యింటివారు సరిపెట్టుకొందురు. ఈ సరిపెట్టుకొనుటను గూర్చియే మేము కొంత చెప్పదలచినాము.

ఆయాసము, ఉబ్బసము, దగ్గు అను మూడు మాటలలో మన పల్లెలయందు పెక్కు వ్యాధులు ఇమిడిపోవుచున్నవి. దీర్ఘకాలము వేధించునవి వీనిలో ముఖ్యముగా రెండు. ఉబ్బసము తరచుగా చిన్ననాటనే మొదలగును. శ్వాసనాళములు వాచి ముడుచుకొని, మరల విచ్చుకొనును. అందువలన రోగి ఒక వారము ఉక్కిరిబిక్కిరియై, మరువారము పొలము పనికి పోగలుగును. రెండవది సాధారణముగా 40 ఏండ్లు దాటిన పిమ్మట బయటపడును. డాక్టర్లు దీనిని సి.ఓ.పి.డి. అందురు. ఏండ్ల తరబడి పొగ పీల్చుటచే నాళములు శాశ్వతముగా సన్నగిల్లి, ఊపిరితిత్తులలోని చిన్న గాలిగదులు చెడిపోవును. పోయిన భాగము తిరిగి రాదు. మిగిలినదానిని కాపాడుకొనవచ్చును. ఇక దగ్గు 2 వారములు మించి నిలిచినచో క్షయ కావచ్చును గనుక కళ్లె పరీక్ష చేయించుకొనవలెను. ప్రభుత్వ ఆసుపత్రులలో అది ఉచితము.

చలి ఈ రోగములను పుట్టించదు, ఉన్నదానిని రేపును. చల్లని గాలి సోకగానే సున్నితమైన నాళము ముడుచుకొనును. చలిదినములలో అందరును ఒకే గదిలో చేరుటచే ఒకరి జలుబు మరియొకరికి సులభముగా అంటును. ఆరోగ్యవంతునకు అది మూడు నాళ్ళ పడిశము, ఈ రోగికి మూడు వారముల మంచము. తెల్లవారుజామున నేలనంటిన చల్లని గాలి పైకి లేవదు గనుక, ఊరి పొయ్యిల పొగయు, చలిమంటల పొగయు మంచుతో కలసి యిండ్లమీదనే నిలుచును. కావున నడకయైనను, పనియైనను ప్రొద్దెక్కిన పిదప పెట్టుకొనుట మేలు. ముక్కును నోటిని కప్పునట్లు తువాలు చుట్టుకొనినచో లోనికి పోవు గాలి కొంత వెచ్చబడును. తలకు, చెవులకు గుడ్డ చుట్టి ముక్కును మాత్రము బయట పెట్టుట మన అలవాటు. చెవులకు అది హాయియే గాని, ఊపిరితిత్తులకు దానివలన ఒరుగునది లేదు.

అయినను చలికంటె, చలికి మనము చేయు ఉపాయములే ఈ రోగికి ఎక్కువ కీడు చేయుచున్నవి. సాయంకాలము కాగానే తలుపు బిగింతుము. కిటికీ యున్నచో గోనెపట్టా కట్టుదుము. వంటయు పడకయు ఒకే గదిలో. తడిసిన కట్టె సరిగా మండక పొగచూరును. ఇల్లాలు వంగి ఊదుగొట్టముతో ఊదుచుండును; ఊదిన ప్రతిసారియు ఆమె మరల పీల్చునది ఆ పొగనే. ఇరువది ముప్పది యేండ్లు ఇట్లు వండినవారికి, బీడి చుట్ట ముట్టకున్నను, పొగ త్రాగువారికి వచ్చు రోగమే రావచ్చును. అది వచ్చిన పిమ్మట, వెచ్చగా నుండునని, మంచమును పొయ్యి ప్రక్కకే జరుపుదురు! బొగ్గుల కుంపటిని గదిలో పెట్టుకొని తలుపు వేసికొని పరుండుట మరింత అపాయము. ఆ నిప్పునుండి వెలువడు కార్బన్ మోనాక్సైడునకు రంగు లేదు, వాసన లేదు. నిద్రించినవారు మేల్కొనకయే ప్రాణములు కోల్పోవుదురు. రోగి యనక, పసిబిడ్డ యనక ఆ గదిలోని వారందరికిని అది ముప్పే.

దీనికి పెద్ద ఖర్చు అక్కరలేదు. వానలకు ముందే కట్టె కొట్టి, ఎండబెట్టి, తడి తగులని చోట నిలువచేయవలెను. పొయ్యికి చేరువగా గోడ పైభాగమున వెడల్పైన కంత విడిచినచో, వేడి పొగ పైనుండి పోవును, చలిగాలి నేరుగా మంచము మీదకు రాదు. పొగగొట్టము కట్టించుకొనగలిగిన మరియు మంచిది. ఎట్లున్నను రోగిచే వంట చేయించరాదు. 2016లో ఉజ్జ్వల పథకము వచ్చినది మొదలు గ్యాసు పొయ్యి అనేక గ్రామములకు చేరినది. కాని సిలిండరు వెల తలచి, గ్యాసుపై టీ మాత్రము కాచి, అన్నము కట్టెలపై వండు ఇండ్లు కలవు. ఆ పొదుపును మేము తప్పుపట్టము. అయితే ఇంట ఆయాసపు రోగి యున్నప్పుడు, కనీసము తలుపులు మూయు ఆ రెండు మూడు నెలలైనను వంట గ్యాసుపై జరుపుట ఆసుపత్రి ఖర్చుకంటె చౌక.

'చలికి చుట్ట' అనుటయు విందుము. ఉత్తరాంధ్ర తీరమున నిప్పుకొసను నోటిలోనికి పెట్టుకొని అడ్డపొగ త్రాగు స్త్రీలు కలరు. దానివలన అంగిటి క్యాన్సరు సైతము కలుగును. ఏ వయస్సున మానినను ఊపిరి తరుగుదల నెమ్మదించును గనుక, ఇప్పుడు మాని ఏమి లాభమను మాట చెల్లదు.

ముసురు పట్టినప్పటి చిక్కు వేరు. తడిగోడపై బూజు, ఇంటిలో ఆరవేసిన బట్టల చెమ్మ, ముక్కిన గడ్డి ఉబ్బసమును రేపును. ఆ గడ్డి దులుపు పని రోగికి చెప్పరాదు. ఎండ కాచిననాడు బొంతలు, దిండ్లు బయట వేయవలెను. దోమలకు పొగ పెట్టుటకు మారుగా దోమతెర కట్టుకొనవలెను.

మందును గూర్చిన భయము చలికంటె బలమైనది. పీల్చుమందు అలవాటైనచో విడువదని తలచి పలువురు మాత్రలనే కోరుదురు. లెక్క చూడుడు. సాల్బుటమాల్ మాత్ర 4 మిల్లీగ్రాములది కలదు. అదే మందు ఇన్‌హేలరులో ఒక పీల్పునకు 100 మైక్రోగ్రాములు. అనగా ఒక్క మాత్రలో 40 పీల్పుల మందు! మాత్ర ఒడలంతయు తిరిగి, గుండెదడ, చేతుల వణకు కలిగించును. పీల్చినది నేరుగా శ్వాసనాళములకు పోవును. పీల్చుమందులలో ఆయాసము వచ్చినపుడు నాళమును విప్పునది యొకటి, ప్రతిదినము వాడి వాపును అణచునది యొకటి. తేలికపడగానే ఈ రెండవదానిని తమంత తాము మానుటచే ఉబ్బస రోగులు మరల మంచము పట్టుచున్నారు. అది స్టిరాయిడు గలదైనచో పీల్చిన పిదప నోరు పుక్కిలించి ఉమియవలెను. పొడిమందు క్యాప్సూళ్లను మాత్రలవలె మ్రింగువారును కలరు. అవి పరికరములో వేసి పీల్చవలసినవి. చెమ్మ తగిలిన పొడి ముద్దకట్టును గనుక, ముసురు దినములలో క్యాప్సూలును వాడబోవు క్షణమునందే బయటికి తీయవలెను. కడిగిన పరికరము పూర్తిగా ఆరనిదే వాడరాదు.

మృగశిర కార్తె ప్రవేశమున చేపమందునకై యేటేట వేలాదిమంది హైదరాబాదు చేరుదురు. దాని గుణము వైద్యపరీక్షలలో నిరూపితము కాలేదు. విశ్వాసముతో పోవువారిని ఆపుట మా పని కాదు; పోయి వచ్చి, వాడుచున్న మందు మానుటయే ప్రమాదము.

ఊపిరి ఆడనపుడు వెల్లకిల పరుండక, కూర్చుండి ముందునకు వంగి, మోచేతులను మోకాళ్ళపై ఆనించవలెను. ముక్కుతో పీల్చి, వేడిపాలను ఆర్పుకొనునట్లు పెదవులు సున్నాచుట్టి, పీల్చినదానికి రెట్టింపు సేపు మెల్లగా విడువవలెను. ఈ రోగమున గాలి లోపల చిక్కుపడును. అది పోయినగాని క్రొత్త గాలికి చోటు లేదు. పెరుగు చలువ, పప్పు వాతము అని అన్నియు మాన్పించి రోగిని గంజితో నుంచుట తగదు. కండ బలము తగ్గినకొలది ఆయాసము హెచ్చును. కడుపు నిండ ఒకేసారి గాక, కొంచెము కొంచెముగా పలుమారులు పెట్టవలెను. చలికాలమునకు ముందే ఇన్‌ఫ్లుయెంజా టీకాను గూర్చి, న్యుమోనియా నాపు టీకాను గూర్చి డాక్టరును అడుగుట మంచిది.

కళ్లె పచ్చబడి పెరిగినను, పాదములు వాచినను, మామూలు మందు పనిచేయకున్నను ఆనాడే ఆసుపత్రికి పోవలెను. మాట పూర్తిచేయలేక నడుమ ఆగుట, పెదవులు, గోళ్ళు నీలివారుట, మత్తుగా తూగుట, పలవరించుట కనిపించినచో క్షణమైనను తడయక 108కి ఫోను చేయవలెను. బండి రాలేని కొండగూడెములలో డోలీ కట్టి రోడ్డువరకు మోయవలసియుండును. మంచు కురియు అర్ధరాత్రి ఆ దారి మోయువారికిని కష్టము, మోయబడువారికిని కష్టము. కనుక అచటివారు కళ్లె రంగు మారిన పగలే బయలుదేరవలెను.